ఊపిరి మీద ధ్యాస, ఒంటి మీద నిర్లక్ష్యం

నలభై అయిదు దాటిన ఆడమనిషి అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చుంటే ఆమెకు ధ్యానం కావాలట. కొడుకు మీద కస్సుమంటే ధ్యానం. కూర మాడిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ధ్యానం. మోకాళ్ళు లాగినా, గుండె దడదడలాడినా, ఆఫీసులో తెలిసిన మనిషి పేరే గుర్తుకురాక తడబడినా అదే మందు. ఈ సలహా పొద్దున్నే తామరపువ్వు బొమ్మతో వాట్సాప్‌లో వస్తుంది. ఆదివారం అనుబంధంలో నిపుణుల ఫొటోతో వస్తుంది. మార్చి 8న మీటింగ్ హాల్లో ప్రొజెక్టర్ మీద వస్తుంది. అన్నిట్లోనూ చెప్పేది ఒకటే: నీ బాధ నీ మనసులో పుట్టింది, మనసును నిలబెట్టుకుంటే పోతుంది, పోలేదంటే నీ సాధన చాలలేదు.

ఈ వాదంలో ఎంత సౌకర్యం ఉందో గమనించారా? ఇది ఎప్పటికీ ఓడిపోదు. బాధ తగ్గితే ధ్యానం మహిమ, తగ్గకపోతే ఆమె లోపం. మంత్రగాళ్ళు తరతరాలుగా చెప్పింది ఇదే కదా! తాయెత్తు పనిచేయకపోతే కట్టుకున్నవాళ్ళు నియమం తప్పారనేవారు. ఇప్పుడు తాయెత్తు పోయి ఆప్ వచ్చింది. తర్కం మాత్రం అంగుళం కదల్లేదు.

ఒక మాట ముందే తేల్చుకుందాం. ధ్యానాన్ని బూటకమని కొట్టిపారేయడానికి నేను కూర్చోలేదు. అది కొన్ని పనులు చేస్తుంది, వాటికి రుజువులున్నాయి, వాటినీ మీ ముందు పెడతాను. నా తగువల్లా మధ్యవయసు స్త్రీకి నిబ్బరాన్నిచ్చేది మైండ్‌ఫుల్‌నెస్ అనే ఈ ధ్యానమేనన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం ఎంతగా పాకిపోయిందంటే డాక్టర్లు, చదువుకున్నవాళ్ళు, చివరికి స్త్రీల పక్షాన మాట్లాడేవాళ్ళు కూడా దాన్ని ప్రశ్నించడం మానేశారు. పాఠకులే న్యాయమూర్తులుగా కూర్చోండి. సాక్ష్యాలు ఒక్కొక్కటే చూద్దాం.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ ఈ మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ మొదలుపెట్టాడు. ఎవరికోసం? ఏళ్ళ తరబడి నొప్పులతో బాధపడుతూ, డాక్టర్లు చేయగలిగిందంతా చేశాక కూడా ఉపశమనం దొరకనివాళ్ళ కోసం. 'చేయగలిగిందంతా చేశాక' అన్న చోట కాస్త ఆగండి. వైద్యం అయిపోయాక మిగిలిపోయిన బాధతో ఎలా బతకాలో నేర్పడానికి పుట్టిన పద్ధతి ఇది. మన దగ్గర దాన్ని వైద్యానికి ముందే, ఒక్క రక్తపరీక్ష అయినా చేయించకముందే చేతిలో పెడుతున్నారు. వరస తలకిందులు చేసి, పేరు మాత్రం అదే ఉంచితే అది అదే వస్తువు అవుతుందా?

పేరొక్కటే అదే, వరసే కాదు కొలత కూడా వేరు. ఎంబీఎస్సార్ అని పిలిచే ఆ అసలు శిక్షణ ఎనిమిది వారాలు నడుస్తుంది. వారానికి రెండున్నర గంటల తరగతి, మధ్యలో ఒక రోజంతా మౌన సాధన, ఇవిగాక ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట. మొత్తం కూడితే అరవై గంటలు దాటుతుంది. అధ్యయనాల్లో ఫలితం కనబడింది ఈ అరవై గంటలకు. మనవాళ్ళు పంచుతున్నది పది నిమిషాల ఆడియో. ఏడు రోజుల యాంటీబయాటిక్ కోర్సు మీద వచ్చిన ఫలితాన్ని చూపించి ఒక్క మాత్ర అమ్మేవాణ్ణి ఏమంటారో, వీళ్ళనూ అదే అనాలి.

ఒక ఆఫీసులో మహిళా దినోత్సవానికి పెట్టిన ఇలాంటి కార్యక్రమాన్ని వెనక వరసలో కూర్చుని చూశాను. శిక్షకుడు ముప్పై నిండని కుర్రవాడు. అందరి చేతిలో తలా ఒక ఎండుద్రాక్ష పెట్టాడు. ఇది అతని సొంత కల్పన కాదు, అసలు శిక్షణలో తొలి తరగతిలో చేయించేదే. ద్రాక్షను చూడమన్నాడు, ముడతలు తడమమన్నాడు, వాసన పీల్చమన్నాడు, నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా ఉండమన్నాడు. మూడో కుర్చీలో ఉన్న సూపరింటెండెంటు గారు నాలుక మీద ద్రాక్షతోనే ఫోను తీసి గ్యాసు బండ డెలివరీ కోడ్ మెసేజ్ పెట్టారు. పక్కావిడ అట్టతో విసురుకుంటోంది. ఏసీ నడుస్తున్న హాల్లో, నుదుటి మీద చెమట ధారలతో. 'మేడమ్, ఈ క్షణంలో ఉండండి' అన్నాడు కుర్రవాడు, చాలా మర్యాదగా. ఆ క్షణంలో ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఉందని కూడా అతనికెవరూ చెప్పలేదు.

సరే, పరిశోధనల దగ్గరికి వద్దాం. అవతలివాళ్ళ ప్రధానబలం అదే కదా, 'సైన్స్ నిరూపించింది' అని. ఏ సైన్స్, ఏమని నిరూపించింది? 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో గోయల్ బృందం 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి లెక్కగట్టింది. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణవల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంత తగ్గుతాయని తేలింది. ఎంత? చిన్న నుంచి మధ్యస్థం దాకా. నిద్ర విషయంలో మేలు చేస్తుందని చెప్పడానికి చాలినంత ఆధారం దొరకలేదు. మందులకంటే, వ్యాయామంకంటే, ఇతర మానసిక చికిత్సలకంటే మెరుగనడానికి అసలు ఆధారమే లేదు. మన ఆడియోలన్నీ మొట్టమొదట హామీ ఇచ్చేది దేనికి? నిద్రకే!

ఇంకొకటి తరచుగా ఉదహరిస్తారు. డిప్రెషన్ మళ్ళీ తిరగబెట్టకుండా ఈ ధ్యానం ఆపుతుందని. నిజమే, 2000లో టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ తదితరులు 145 మంది మీద చేసిన ప్రయోగం అలాగే చెప్పింది. మూడుసార్లు, అంతకంటే ఎక్కువసార్లు జబ్బు వచ్చి తగ్గినవాళ్ళలో మామూలు వైద్యంతో నూటికి 66 మందికి తిరగబెడితే, ధ్యానం చేసినవాళ్ళలో 37 మందికే తిరగబెట్టింది. గొప్ప ఫలితమే. కానీ అదే వ్యాసంలో రెండుసార్లే వచ్చినవాళ్ళకు ఏ ప్రయోజనమూ కనిపించలేదని ఉంది. పైగా ప్రయోగంలో చేరేనాటికి వీళ్ళంతా జబ్బు తగ్గి తేరుకున్నవాళ్ళు. ఇప్పుడు, ఈ పూట, మంచం మీంచి లేవలేకపోతున్న మనిషికి ఆ అంకె ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. పూర్తిగా చదవకుండా ఉదహరించే అలవాటు మనవాళ్ళకు పురాణాల దగ్గర్నుంచీ ఉన్నదే అనుకోండి.

మేలు చేసిన ప్రయోగాన్ని దాచిపెట్టను. 2022లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో ఆందోళన జబ్బు ఉన్న 276 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎనిమిది వారాల శిక్షణ, ఇంకో జట్టుకు ఎస్సిటలోప్రామ్ మాత్ర. శిక్షణ మాత్రకు తీసిపోలేదు. ధ్యానమంతా ఒట్టి మాయ అనేవాళ్ళు ఇది చదివి నోరు మూసుకోవాలి. అవతలివాళ్ళూ ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. జబ్బేమిటో డాక్టర్లు నిర్ధారించాకే అది మొదలైంది, చేసింది పూర్తి కోర్సు. నిర్ధారణ లేదు, కోర్సు లేదు, గురువు లేడు, అయినా ఫలితం మాత్రం కావాలంటే ఎలా?

ఇక అసలు విషయం, ఒంటి సంగతి. వేదికల మీద ఎవరూ ఎత్తనిది ఇదే.

మన దేశంలో స్త్రీలకు ముట్లుడిగే సగటు వయసు దాదాపు నలభై ఆరు. అంతకు కొన్నేళ్ళ ముందునుంచే ఈస్ట్రోజెన్ ఒక నెల ఎగసి ఒక నెల పడిపోతూ ఉంటుంది. వేడి ఆవిర్లు, తలగడ తడిసేంత రాత్రి చెమటలు, తెగిపోయే నిద్ర, గుండెదడ, మాట నోటి చివరిదాకా వచ్చి అందకపోవడం, కారణం లేకుండా ముంచుకొచ్చే చిరాకు. వీటిలో ఏది మనోదౌర్బల్యం? అమెరికాలో వేర్వేరు జాతుల స్త్రీలను 1990ల నడిమి నుంచి ఏళ్ళ తరబడి అనుసరించిన స్వాన్ అధ్యయనం, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్ళలో అవి సాగే కాలం మధ్యస్థంగా 7.4 ఏళ్ళని చెప్పింది. ముట్లు ఆగే ఆ సంధికాలంలో కుంగుబాటు లక్షణాలు అంతకుముందుకంటే పెరుగుతాయని కూడా అదే అధ్యయనం చూపింది. ఏడేళ్ళు నిద్రలేని మనిషి చికాకు పడకపోతే ఆశ్చర్యపోవాలి గాని, పడిందని ప్రవచనం చెబుతారా?

ధ్యానం ఈ ఆవిర్లను తగ్గిస్తుందా? దీన్నీ పరీక్షించారు, అదీ ఎంబీఎస్సార్ పుట్టింట్లోనే. 2011లో జేమ్స్ కార్మొడీ బృందం మసాచుసెట్స్‌లో 110 మంది మీద ప్రయోగం చేసింది. ఆవిర్లు వచ్చినప్పుడు పడే యాతన కొంత తగ్గింది, నిద్ర బాగుందనిపించింది, ఆందోళన తగ్గింది. ఆవిర్ల తీవ్రతలో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాతన తగ్గడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అయితే రెండో జట్టువాళ్ళు ఏమీ చేయకుండా తమ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. వాళ్ళకూ యాతన కొంత దానంతటదే తగ్గింది. ఆ తర్వాత 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం, హార్మోన్లు కాకుండా ఆవిర్లకు ఏవి పనికొస్తాయో, ఏవి పనికిరావో రుజువులన్నీ వడబోసి ప్రకటించింది. మనసు దారిలో చేసే చికిత్సలన్నిటినీ అది తోసేయలేదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, క్లినికల్ హిప్నాసిస్‌ను సిఫార్సు చేసింది. మైండ్‌ఫుల్‌నెస్‌ను, యోగాను, లెక్కపెట్టి ఊపిరి తీయడాన్ని సిఫార్సు చేయని జాబితాలో వేసింది. మన ఆదివారం అనుబంధాలు సరిగ్గా ఆ రెండో జాబితాలోంచే శీర్షికలు తయారుచేస్తున్నాయి. మరి ఆవిర్లకు అన్నిటికంటే గట్టిగా పనిచేసేది? ఈస్ట్రోజెన్ చికిత్సే. అరవై లోపు వయసులో, వేరే అభ్యంతరాలు లేనివాళ్ళకు దానివల్ల నష్టంకంటే లాభం ఎక్కువని వైద్యసంఘాలు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళు వాడకూడదు. ఇదంతా డాక్టరూ రోగీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఆ సంభాషణ మన దగ్గర మొదలే కావడం లేదు. ఎందుకంటే ఆమెకు అప్పటికే ధ్యానం చెప్పి పంపేశారు.

తెలుగు రాష్ట్రాలకు వస్తే కథ ఇంకా ముదురుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనిమిది మంది పైనే. దేశంలోకెల్లా మనమే ముందు. సర్వే నలభై తొమ్మిది దగ్గర ఆగిపోతుంది కాబట్టి, వీళ్ళందరికీ ఆపరేషన్ అయింది యాభై నిండకముందే, ఎంతోమందికి నలభై నిండకముందే. తెల్లబట్ట అవుతోందని, కడుపునొప్పి అని, 'పిల్లలు పుట్టాక ఇంక దానితో పనేముంది' అని తీసేశారు. కొందరికి అండాశయాలు కూడా తీసేశారు, ఆ సంగతి వాళ్ళకు చెప్పారో లేదో ఎవరికెరుక! అండాశయాలు పోయిన మనిషికి ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా కూలిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళకే ఒళ్ళు కాలిపోతోంది, ఎముకలు లాగుతున్నాయి, ఏడుపొస్తోంది. ఆ ఇంటికి వెళ్ళి మనసును గమనించు తల్లీ అని చెప్పగల ధైర్యం ఎవరికుందో ముందుకు రమ్మనండి.

రక్తం సంగతీ చూడండి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. ముట్లుడిగే ముందు ఏళ్ళలో నెలసరి తప్పి తప్పి వచ్చి విపరీతంగా పోవడం మామూలు. ఉన్న కాస్త రక్తమూ అలా పోతుంది. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే నిస్సత్తువ, ఎవరైనా పలకరిస్తే విసుగు. థైరాయిడ్ మందగించినా ఇవే లక్షణాలు. బీ12 తగ్గినా దాదాపు ఇవే. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలకు పట్టేది ఒక సిరంజి రక్తం. ఐరన్ మాత్రతో పోయే దిగులుకు అంతర్ముఖత్వం ఎందుకు?

నమ్మకం లేకపోతే ఏ పట్టణంలోనైనా ఓపీ గది బయట బల్ల మీద ఒక పూట కూర్చోండి. 'ఏమ్మా, ఏంటి ఇబ్బంది?' అని డాక్టరు అడుగుతాడు. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న భర్త అందుకుంటాడు: 'ఏం లేదండీ, ఊరికే చిరాకు. ఎవరేమన్నా పడదు.' ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, 'ఒంట్లోంచి ఆవిర్లు లేచినట్టు ఉంటదండీ' అంటుంది, గొంతు తగ్గించి. డాక్టరు బీపీ చూస్తాడు, నిద్రమాత్ర రాస్తాడు. 'టెన్షన్ తగ్గించుకోండి, కాసేపు మెడిటేషన్ చెయ్యండమ్మా.' ఇంకో రోగి లోపలికి. నెలసరి గురించి ఒక్క ప్రశ్న పడలేదు. మెడిటేషన్ అన్నది అక్కడ చికిత్స కింద రాలేదు, గది ఖాళీ చేయించే మాటగా వచ్చింది.

అవతలివాళ్ళు ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేస్తారు. 'ఒంటి జబ్బులకు డాక్టరు దగ్గరికే వెళ్ళమనండి. జీవితంలో ఒత్తిళ్ళు ఉంటాయి కదా, వాటిని తట్టుకోవడానికైనా ధ్యానం కావద్దా?' అంటారు. సరే, ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తోందో కాస్త లెక్క చూద్దామా? కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని చాకిరీ చేసేదని తేలింది. పురుషుడు 97 నిమిషాలు. ఆ 97 కూడా మగవాళ్ళందరి సగటనుకునేరు! ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టిన నూటికి 26 మంది లెక్క అది. మిగతా 74 మంది సున్నా. 2024లో మళ్ళీ లెక్కేశారు. స్త్రీలకు 289, పురుషులకు 88. పాపం, ఆడవాళ్ళకు అయిదేళ్ళలో పది నిమిషాలు మిగిలాయి. ఆప్‌లో ఆడియో నిడివి సరిగ్గా అంతే. కాకతాళీయమే అనుకోండి, కానీ ఎంత చక్కగా అతికింది!

నలభై అయిదేళ్ళకు ఆ ఇంట్లో ఎవరెవరుంటారు? మోకాళ్ళ ఆపరేషన్ అయిన అత్తగారు. మతి సరిగాలేని సొంత తల్లి ఇంకో ఊళ్ళో. ఇంటర్ చదివే పిల్ల, పొద్దున్నే నాలుగున్నరకు లేపాలి. అమెరికాలో వీసా గురించి బెంగపడుతూ రాత్రి పదకొండుకు ఫోన్ చేసే కొడుకు. రిటైర్‌మెంటుకు దగ్గరపడి ఇంట్లో అందరి మీదా కేకలేసే భర్త. వీళ్ళందరి మధ్యా ఆమె ఒక్కతే మారాలి, ఆమె ఒక్కతే ఊపిరి గమనించుకోవాలి. ఎవరికి కోపం వస్తోందో వాళ్ళకు కదా ధ్యానం నేర్పాలి? కేకలేసే భర్తకు ఎండుద్రాక్ష ఎందుకు పెట్టరు?

పెట్టరు. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నిబ్బరం అనే గుణానికి తప్పుడు కొలత వాడుతున్నారు. ఎంత తిట్టినా ఎదురు మాట్లాడకపోవడం, ఎంత చాకిరీ చేసినా ముఖం చిట్లించకపోవడం, ఇదీ వాళ్ళ కొలత. మా అమ్మమ్మల కాలంలో భూదేవితో పోల్చి ఇదే గుణాన్ని పొగిడేవారు. అప్పుడు సంస్కర్తలు ఆ పొగడ్తలోని మోసాన్ని చీల్చి చెప్పారు. ఇప్పుడదే మోసం అమెరికా వెళ్ళి, ల్యాబ్ కోటు తొడుక్కుని తిరిగొస్తే మన అభ్యుదయవాదులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

నిబ్బరం గురించి శాస్త్రం చెప్పింది పూర్తిగా వేరు. ఈ విషయంలో పునాది వేసిన పరిశోధన ఎమ్మీ వెర్నర్ హవాయి దీవుల్లోని కవాయిలో చేసింది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని నలభై ఏళ్ళ వయసు వచ్చేదాకా ఆమె బృందం వెంబడించింది. పేదరికం, ఇంట్లో తగాదాలు, తల్లిదండ్రుల జబ్బుల మధ్య పెరిగినవాళ్ళలో మూడోవంతు మంది చెక్కుచెదరకుండా ఎదిగారు. వాళ్ళను నిలబెట్టింది ఏమిటని వెతికితే, సహజంగా వచ్చిన కలుపుగోలుతనంతో పాటు పదే పదే తేలినవి తమను నమ్ముకున్న ఒక పెద్దదిక్కు, ఇరుగుపొరుగు, స్నేహితులు, బడి. కుర్రతనంలో దెబ్బతిన్నవాళ్ళలో కూడా చాలామంది మధ్యవయసుకు తేరుకున్నారు. ఎలా? మళ్ళీ చదువుకునే అవకాశం దొరికింది, మంచి తోడు దొరికింది, ఏదో ఒక సమాజంలో చోటు దొరికింది. నాలుగు చేతులు పట్టుకుంటే నిలబడ్డారు. వీటిలో ఏ ఒక్కటైనా తలుపు వేసుకుని ఒంటరిగా కళ్ళు మూసుకుంటే దొరికేదా?

కవాయి దాకా ఎందుకు, నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు వాచకంలో సారా గురించి పాఠం చదివారు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి తట్టుకునే శక్తి వాళ్ళకు అప్పటికే ఉంది, ఏళ్ళ తరబడి తట్టుకుంటూనే ఉన్నారు. పాఠం చదివాక ఆ తట్టుకోవడం మానేశారు. 1992లో రోశమ్మలాంటివాళ్ళు ముందుండి సారా దుకాణం మూయించారు. ఊరూరా పాకింది, వేలం పాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. తర్వాత అది నిలబడలేదు, ఆ కథ వేరు. ఆ ఆడవాళ్ళలో పిల్లల తల్లులున్నారు, అత్తలున్నారు. ఎవరైనా వెళ్ళి వాళ్ళకు 'కోపాన్ని తీర్పు లేకుండా గమనించండి' అని నేర్పి ఉంటే ఏమయ్యేదో మీరే చెప్పండి. సారా కాంట్రాక్టర్లు ఆ శిక్షణకు డబ్బిచ్చి ఉండేవారు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథ చదవని తెలుగువాళ్ళు తక్కువ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ అది. ఇంట్లో ఎక్కడ వెతికినా పేరు దొరకదు, భర్తనూ పిల్లల్నీ అడిగినా దొరకదు. చివరికి పాత స్నేహితురాలు నోరారా పిలిస్తే దొరుకుతుంది. వెర్నర్ దశాబ్దాలు శ్రమించి తేల్చిన దాన్ని మన కథకురాలు నాలుగు పేజీల్లో తేల్చేసింది. ఈ విషయంలో నన్నడిగితే వంద ఆడియోలకంటే ఆ నాలుగు పేజీలు మెరుగు.

ఇక చివరి కోట: 'ఇది మన సంప్రదాయం, బుద్ధుడు చెప్పింది, అమెరికావాళ్ళు మన దగ్గర్నుంచే నేర్చుకున్నారు.' బుద్ధుడు చెప్పిందేమిటో చూడకుండానే ఈ మాటనేవాళ్ళు ఎక్కువ. ఆయన బోధ అయిన సతిపట్ఠాన సుత్తం స్మృతిని, అంటే ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నదాన్ని, నిలపవలసిన చోట్లు నాలుగు చెబుతుంది. మొదటిది శరీరం. రెండోది సుఖదుఃఖాల వేదన. ఆ తర్వాతే మనసు. నాలుగోదాంట్లో, లోపల పుట్టే అడ్డంకి ఎలా పుట్టింది, ఎలా పోతుంది అన్న కారణాలు కూడా తెలుసుకోమంటుంది. అంటే నిజంగా స్మృతితో ఉన్న స్త్రీ ముందు తన ఒంటిని చూసుకుంటుంది, తర్వాత కారణం అడుగుతుంది. మన శిక్షకులు ఒంటినీ వదిలేశారు, కారణాన్నీ వదిలేశారు. మిగిలిన తొక్కకు బుద్ధుడి పేరు పెట్టారు. థేరీగాథలో గొంతెత్తిన భిక్షుణుల్లో వంటింటి రోలూ రోకలీ నుంచి విడుదలైనందుకు సంబరపడ్డవాళ్ళున్నారు. ఆ తల్లులు చాకిరీని ప్రశాంతంగా భరించడం నేర్చుకోలేదు, దాన్ని వదిలి బయటికి నడిచారు. సంప్రదాయం కావాలంటే అదీ సంప్రదాయమే, తీసుకోండి!

ఇవాళ్టికీ గంభీరంగా నేర్పేచోట్లు ఉన్నాయి. హైదరాబాదులోనూ నాగార్జునసాగర్‌లోనూ గోయెంకా సంప్రదాయపు విపశ్యన కేంద్రాలున్నాయి. పది రోజుల మౌనం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రోజుకు దాదాపు పది గంటల సాధన. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్ళు చేరవద్దని వాళ్ళే స్పష్టంగా చెబుతారు. వాళ్ళ నిజాయతీకి నమస్కారం. మీ ఇంట్లో నలభై ఎనిమిదేళ్ళ ఆవిడ రేపు పొద్దున్న సంచి సర్దుకుని, 'పది రోజులు నేను లేను, ఫోన్ కూడా ఉండదు' అంటే ఇంటిల్లిపాదీ ఏమంటారు? ఆమెకు ధ్యానం అవసరమని చెప్పే నోళ్ళన్నీ ఆ పూట ఎందుకు మూతపడతాయి?

'ఏమైనా నష్టం లేదుగా' అనేవాళ్ళకు కూడా ఒక మాట. ఉంది. 2020లో ఫారియాస్ బృందం 83 అధ్యయనాలను పరిశీలించి, ధ్యానం చేసినవాళ్ళలో నూటికి ఎనిమిది మందికి పైగా ఆందోళన, కుంగుబాటు వంటి ఇబ్బందులు కనబడ్డాయని చెప్పింది. పాత గాయాలున్న మనిషిని ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చోబెడితే ఆ గాయాలే ఎదురొస్తాయి. అంతకంటే పెద్ద నష్టం ఆలస్యం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఎక్కువగా కనబడింది స్త్రీలలోనూ, 40-49 ఏళ్ళవాళ్ళలోనూ. చికిత్స అందనివాళ్ళు పదిమందిలో ఎనిమిది మంది. 2021లో ఈ దేశంలో 23,178 మంది గృహిణులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ ఏడు ప్రాణం తీసుకున్న ఆడవాళ్ళలో సగానికి పైగా గృహిణులే. ఇంత ప్రమాదం ముందు పెట్టుకుని 'ముందు కొన్నాళ్ళు ధ్యానం చేసి చూడు' అనడం నిరపాయమైన సలహా ఎలా అవుతుంది? ఇలాంటి ఆలోచనలు వస్తున్నవాళ్ళు ఆడియో వెతుక్కోవద్దు. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

పనిచేసే దారి మన దేశంలోనే ఉంది కూడా. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర విక్రమ్ పటేల్ బృందం డిప్రెషన్ ఉన్న 495 మందితో చేసిన ప్రయోగం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. రోగుల్లో ఎక్కువమంది స్త్రీలే. మాట్లాడింది సైకియాట్రిస్టులు కారు, కొద్దివారాల శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిశారు. నిన్ను వేధిస్తున్న సమస్య ఏది, దాన్లో ఈ వారం మార్చగలిగింది ఏది, మానేసిన పనుల్లో మళ్ళీ మొదలుపెట్టగలిగింది ఏది అని అడిగి, చేయించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే వీళ్ళు స్పష్టంగా మెరుగయ్యారు. అలా ఇంటికొచ్చి అడిగే మనిషి మన ఊళ్ళలో లేదా? ఉంది, ఆశా కార్యకర్త. ఏ గుమ్మంలో ఏ బాధ ఉందో ఆమెకు తెలుసు. ఆ శిక్షణేదో ఆమెకు ఇప్పించండి. చాలా ఊళ్ళలో ఆమెకూ నలభై దాటాయి, ఆమెకూ రాత్రుళ్ళు నిద్ర లేదు. అందుకని ఆమెకు మాత్రం ఆ ఆడియో పంపకండి, పారితోషికం నెల నెలా సరిగ్గా పడేట్టు చూడండి.